ఫ్రెండు పోతే అంటు ఉండదు: ఒక మోటార్ మెకానిక్ కేసు

అనంతపురంలో కౌన్సెలింగ్ చేసుకునే నాలాంటి సైకాలజిస్టు దగ్గరికి యాభై దాటిన మగవాడు "నాకు బాధగా ఉంది" అంటూ రాడు. గ్యాస్ అంటాడు, నిద్ర లేదంటాడు, గుండె దగ్గర పట్టేసినట్టు ఉందంటాడు. అది కూడా ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ అన్నీ అయ్యాక, గుండెకేం లేదు టెన్షన్ తగ్గించుకోమని డాక్టరు ఫైలు చేతిలో పెడితేనో, ఇంట్లో ఆడవాళ్లు పట్టుబట్టి లాక్కొస్తేనో. ఈ కేసులో రెండూ జరిగాయి.

ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను, రాసింది ఆయనకు చదివి వినిపించాను కూడా. ఊరు, వయసు, డబ్బు లెక్కలు, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. పేర్లు వద్దు, ఆయన్ని మెకానిక్ అందాం, పోయిన ఆయన ఫ్రెండుని భాయ్ అందాం.

మెకానిక్‌కు యాభై మూడేళ్లు. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ మళ్లీ చుట్టే పని, అంటే రీవైండింగ్ చేస్తాడు. మన జిల్లాలో ఈ పనికి కొదవలేదు, బోర్లు వెయ్యి అడుగులు దాటిపోతున్నాయి, వోల్టేజీ పడిపోయినా, నీళ్లు తగ్గి మోటారు ఉత్తిగా తిరిగినా కాలిపోతుంది. కాలిన మోటారును బోరులోంచి పైకి తీయాలంటే పైపు తర్వాత పైపు విప్పుకుంటూ రావాలి, దానికి వేరే గ్యాంగు ఉంటుంది. ఆ గ్యాంగు మేస్త్రీ భాయ్. ఆయన తీసి ఆటోలో వేసుకొస్తే ఈయన చుట్టి ఇస్తాడు, మళ్లీ ఇద్దరూ కలిసి పోయి దింపి, స్టార్టర్ ఆన్ చేసి, నీళ్లు పడ్డాక తిరిగొస్తారు. అప్పట్లో పొలాలకు కరెంటు రాత్రిళ్లు ఇచ్చేవాళ్లు కాబట్టి చాలా రాత్రులు ఇద్దరూ ఏదో ఒక బోరు గట్టున కరెంటు కోసం కాచుకుని కూర్చునేవాళ్లు. ఇరవై ఏళ్ల పైచిలుకు స్నేహం, అందులో చాలా భాగం ఇట్లా కాచుకుని కూర్చున్నదే.

ఇదంతా నాకు మొదటి రోజే తెలియలేదు. మొదటి రోజు ఆయన చెప్పింది "ఏం లేదు సార్, నిద్ర పట్టదు, అంతే" అని. భార్య చెప్పింది ఎక్కువ. షాపు వారంలో రెండు రోజులు కూడా తెరవట్లేదట. రోజూ రాత్రి క్వార్టర్, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. కూతురు కాలేజీ ఫీజు గురించి అడిగితే పళ్లెం విసిరేశాడట. అర్ధరాత్రి లేచి ఛాతీ పట్టుకుని కూర్చుంటాడట. ఎప్పటి నుంచి అని అడిగితే ఇద్దరూ ఒక్కసారే జవాబిచ్చారు, ఈయన "ఏమో" అన్నాడు, ఆమె "ఎనిమిది నెలల నుంచి" అంది.

మగవాళ్ల కేసు హిస్టరీ తీసుకునేటప్పుడు నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. రాత్రి రెండు గంటలకు చేతులు కాళ్లు ఆడని పరిస్థితి వస్తే, ఇంట్లోవాళ్లకు కాకుండా ఎవరికి ఫోన్ చేస్తారు? మేం నింపే ఫారాల్లో తల్లిదండ్రులు, అన్నదమ్ములు, భార్య, పిల్లలు, వాళ్ల జబ్బులు, చావులు, అన్నిటికీ గడులున్నాయి, ఫ్రెండుకు గడి లేదు. అందుకే నోటితో అడుగుతాను. మెకానిక్ కాసేపు నేల చూపులు చూసి "ఉన్నాడు సార్ ఒకడు, పోయినాడు" అన్నాడు. భార్య అప్పుడు ఆయన వైపు తిరిగి చూసింది. ఎనిమిది నెలల కిందట ఏం జరిగిందో ఆమెకు తెలుసు, కానీ ఈ రోగానికీ దానికీ లంకె ఉంటుందని ఆమె అనుకోలేదు. ఆమె మాట ఇది: "ఈయన సొంత తమ్ముడు పోతే పన్నెండో రోజు షాపు తెరిచినాడు సార్. ఫ్రెండు పోతే ఇన్నాళ్లా?"

ఆ రోజు ఏం జరిగింది

భాయ్ గుండెపోటుతో తెల్లవారుజామున పోయాడు. మెకానిక్ ఆ ముందు రోజు సాయంత్రమే కంబదూరు వైపు ఒక తోటలో పనికి పోయి అక్కడే పడుకున్నాడు, సిగ్నల్ లేదు. ముస్లింల ఇళ్లల్లో శవాన్ని ఎక్కువసేపు ఉంచరు, మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం చేసేశారు. ఈయనకు కబురు అంది, బండి మీద ఊళ్లోకి వచ్చేసరికి జనం తిరిగొస్తున్నారు. పిడికెడు మట్టి కూడా వేయలేకపోయాడు. మూడో రోజు ప్రార్థనలకు (జియారత్) పోయాడు, అందరితో పాటు కూర్చున్నాడు, లేచి వచ్చాడు. తర్వాత నలభయ్యో రోజు ఫాతెహాకు పిలిస్తే పోలేదు.

మన ఇళ్లల్లో తమ్ముడు పోతే చేయడానికి బోలెడు పని ఉంటుంది. అంటు పాటించాలి, గుండు చేయించుకోవాలి, దినాలకు బియ్యం లెక్క చూడాలి, వచ్చినవాళ్లందరూ చెయ్యి పట్టుకుని "ఎట్ల జరిగె" అని అడుగుతారు, అదే కథ వందసార్లు చెప్పాలి. దుఃఖం తగ్గడంలో ఈ తతంగానికి పెద్ద పాత్ర ఉందని నేను నమ్ముతాను. ఫ్రెండుకు ఇందులో ఏదీ లేదు. అంటు లేదు, సెలవు లేదు, పలకరింపు లేదు. మరుసటి రోజు ఎవరో రైతు ఫోన్ చేసి "మోటార్ ఎప్పుడిస్తావప్పా, చెట్లు ఎండిపోతాండాయి" అంటాడు, అంతే.

దీనికి మా చదువులో ఒక పేరుంది, డిసెన్‌ఫ్రాంచైజ్డ్ గ్రీఫ్ అని. కెనెత్ డోకా అనే అమెరికన్ పండితుడు 1989లో దీని మీద పుస్తకం తెచ్చాడు, సమాజం గుర్తించని, బయటికి ఏడ్చే హక్కు ఇవ్వని దుఃఖం అని. ఫ్రెండు చావు అందులో మొదటి వరుసలో ఉంటుంది. 2019లో ఆస్ట్రేలియాలో 26,515 మంది మీద ఏళ్ల తరబడి సేకరించిన వివరాలతో ఒక అధ్యయనం వచ్చింది, దగ్గరి ఫ్రెండు పోయినవాళ్లకు ఒంటి ఆరోగ్యం, మనసు, నలుగురితో కలవడం, అన్నీ దెబ్బతిని ఆ ప్రభావం నాలుగేళ్ల దాకా కనబడిందని. మెకానిక్ భార్యకు ఈ నాలుగేళ్ల సంగతి చెప్పాను. ఆమెకు అది ఊరటగా అనిపించిందో భయం వేసిందో తెలియదు కానీ, ఆ తర్వాత "ఇన్నాళ్లా" అన్న మాట మళ్లీ నా దగ్గర అనలేదు.

అంచనా

పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో స్కోరు 27కు 16. అంటే డిప్రెషన్ ఓ మోస్తరు దాటి తీవ్రం వైపు ఉంది. తాగుడును కొలిచే ప్రశ్నావళి ఆడిట్‌లో స్కోరు 40కి 19, అది 8కి చేరితేనే మేం జాగ్రత్త పడతాం. చావు ఆలోచనల గురించి నేరుగా అడిగాను. ఇట్లా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు, పుట్టదు. 2022లో మన దేశంలో ఆత్మహత్యతో పోయిన 1,70,924 మందిలో దాదాపు 72 శాతం మగవాళ్లే, అడగకుండా ఎట్లా ఉంటాం. "చచ్చిపోవాలని లేదు సార్, పొద్దున లేవకపోయినా పర్లేదనిపిస్తాది" అన్నాడు. ప్లాన్ లేదు, గతంలో ప్రయత్నం లేదు. అయినా అలాంటి రాత్రి వస్తే ఏం చేయాలో ముగ్గురం కూర్చుని రాసుకున్నాం, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇద్దరి ఫోన్లలోనూ వేయించాను.

మందుల విషయం సైకియాట్రిస్టుది, అటు పంపాను. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి "రేపటి నుంచి మానేస్తా" అన్న శపథాన్ని డాక్టరు దగ్గరికి పోయేదాకా వాయిదా వేయించాను. డాక్టరు గారు లివర్ పరీక్ష చేయించి, తాగుడు తగ్గించడానికి కొద్ది రోజుల కోర్సు, థయమిన్ (బీ1 విటమిన్), డిప్రెషన్‌కు ఎస్సిటాలోప్రామ్ రాశారు.

రోగం పేరు దగ్గర ఒక చిక్కు ఉంది, తోటి కౌన్సెలర్ల కోసం చెబుతున్నాను. తీరని దుఃఖాన్ని ఇప్పుడు మేం రోగం పేరు పెట్టడానికి చూసే రెండు పుస్తకాలూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ, అమెరికన్ సైకియాట్రిస్టుల డీఎస్ఎం, జబ్బుగా ఒప్పుకున్నాయి, ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ అని. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 ప్రకారం కనీసం ఆరు నెలలు దాటాలి, అదే ఏడాది వచ్చిన డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారం పెద్దవాళ్లకు ఏడాది దాటాలి. ఎనిమిది నెలల మెకానిక్ ఒక పుస్తకంలో ఉన్నాడు, ఇంకోదాంట్లో లేడు. నేను ఐసీడీ లెక్కనే పట్టుకున్నాను. నాకు ముఖ్యమనిపించింది వేరే. రెండు పుస్తకాల్లోనూ పోయినవాడు రక్తసంబంధీకుడే కావాలన్న షరతు లేదు, దగ్గరి మనిషైతే చాలు. పుస్తకాలు ఒప్పుకున్నది మన ఇళ్లు ఇంకా ఒప్పుకోలేదు.

మాట ఎట్లా వచ్చింది

మొదటి కొన్ని సెషన్లు రాయి మీద నీళ్లు పోసినట్టే. ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి "ఆయన గురించి చెప్పండి" అంటే "మంచోడు సార్" అని ఆగిపోయేవాడు. ఏదైనా రాసుకుని రమ్మంటే ఖాళీ నోట్‌బుక్ తెచ్చాడు. ఒకరోజు నా గదిలో సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ మూలుగుతోంది. ఆయన నా మాట వినకుండా దాన్నే చూస్తున్నాడు. "కెపాసిటర్ పోయింది సార్, మారిస్తే సరిపోతాది." తర్వాతి సెషన్‌కు కెపాసిటర్ నేనే కొని పెట్టాను. స్టూలెక్కి ఫ్యాన్ కప్పు దించి, వైర్లు విప్పుతూ, నా వైపు చూడకుండా భాయ్ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. పని పది నిమిషాల్లో అయిపోయింది, మాట గంట దాటినా ఆగలేదు.

క్లయింటుతో పని చేయించుకోవడం మా వృత్తి నీతిలో సరైంది కాదు, ఆ ఒక్కసారికే, అదీ ఆలోచించే ఒప్పుకున్నాను. ఆడవాళ్ల స్నేహం ఎక్కువగా ముఖాముఖి, మగవాళ్ల స్నేహం పక్కపక్కన అని పాల్ రైట్ అనే సైకాలజిస్టు 1982లోనే రాశాడు. ఇది ప్రతి మగవాడికీ వర్తించదు, కానీ బోరు గట్టున ఇరవై ఏళ్లు పక్కపక్కన కూర్చుని ఒకే చీకట్లోకి చూస్తూ మాట్లాడుకున్న మనిషికి నా కుర్చీల అమరిక కుదరకపోవడంలో వింతేముంది. ఆ రోజు నుంచి ఇద్దరం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాం, చేతిలో ఏదో ఒక పాత స్విచ్చో ప్లగ్గో ఉండేది.

అప్పుడు బయటపడిన విషయాలు రెండు. ఒకటి, చనిపోవడానికి రెండు రోజుల ముందు భాయ్ ఎడమ చెయ్యి లాగుతోందన్నాడట. "పైపులు లాగేటోనికి చెయ్యి లాగక ఏం లాగుతాది మామా" అని ఈయన నవ్వాడట. ఆ నవ్వు ఈయన్ని తినేస్తోంది. ఈయన ఛాతీ నొప్పి కూడా సరిగ్గా భాయ్‌కి వచ్చిన చోటే, ఎడమ భుజం దాకా. దగ్గరివాళ్లు పోయిన రోగం తాలూకు లక్షణాలు బతికున్నవాళ్ల ఒంట్లో కనబడటం మేం చూస్తూనే ఉంటాం, అది నటన కాదు.

రెండోది డబ్బు. కూతురి కాలేజీ అడ్మిషన్‌కు భాయ్ దగ్గర అరవై వేలు చేబదులు తీసుకున్నాడు. నోటు లేదు, సాక్షి లేదు, భార్యకు తెలియదు. నలభయ్యో రోజుకు పోకపోవడానికి అసలు కారణం ఇదే. చేతిలో డబ్బు లేకుండా ఆ గడప ఎట్లా తొక్కాలి? మొదట్లో ఒక సాకు దొరికింది, భర్త పోయిన ఆవిడ ఇద్దత్‌లో నాలుగు నెలల పది రోజులు ఉంటుంది, పరాయి మగవాళ్లు పోయి పలకరించరు, సరే. ఆ గడువు దాటాక సాకు లేదు. ఆ వీధి గుండా పోవడమే మానేశాడు, పైప్‌లైన్ పనుల వాళ్లు చాయ్ తాగే హోటలుకు పోవడం మానేశాడు, అక్కడ భాయ్ కొడుకు కనబడతాడని. అట్లా ఒక్క మనిషి పోవడంతో చుట్టూ ఉన్న పదిమందీ పోయారు. జనం దీన్ని తాగుడు అనుకున్నారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. మగవాళ్ల స్నేహం అంటే క్రికెట్టు, బిర్యానీ, వాట్సాప్‌లో గుడ్ మార్నింగు అని తేలికగా తీసేసేవాళ్లకు ఈ అరవై వేలు అర్థం కావు. బ్యాంకులా కాగితాలు అడగని, బంధువుల్లో పరువు పోని, ఇంట్లో గొడవ రాని సాయం అది. ఈయన జీవితంలో ఓడిపోయిన సంగతులన్నీ తెలిసిన ఒకే ఒక్క మనిషి భాయ్, తెలిసి కూడా పొద్దున్నే "ఏం మామా, టిఫిన్ అయిందా" అని అడిగే మనిషి. అట్లాంటివాడు ఒక్కడుంటే మగవాడు చాలా తట్టుకుంటాడు, కానీ ఒక్కడే ఉండటం ప్రమాదం కూడా.

చేసిన పని

కొలంబియా యూనివర్సిటీకి చెందిన కేథరిన్ షియర్ రూపొందించిన 16 సెషన్ల పద్ధతి ఒకటుంది, తీరని దుఃఖానికి దాన్ని బాగా పరీక్షించి చూశారు. అందులోంచి ఈయనకు సరిపోయేవి తీసుకున్నాను. కబురు అందిన క్షణం నుంచి శ్మశానం దగ్గరికి వచ్చేదాకా ఏం జరిగిందో కళ్లు మూసుకుని వరుసగా చెప్పడం, మళ్లీ మళ్లీ చెప్పడం. తప్పించుకు తిరుగుతున్న చోట్లకు కొద్దికొద్దిగా పోవడం.

చేతి నొప్పి నవ్వు గురించి నేను వాదించలేదు. నీ తప్పు కాదని ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా వినని మనిషి నేను చెబితే వినడు. కార్డియాలజిస్టును అడిగి తెలుసుకోమని పంపాను. రోజూ బరువులు లాగే మనిషి చెయ్యి నొప్పిని చాలామంది పని నొప్పే అనుకుంటారని, భాయ్ స్వయంగా కూడా అదే అనుకుని ఉంటాడని, షుగర్ ఉన్నవాళ్లలో లక్షణాలు స్పష్టంగా ఉండకపోవచ్చని ఆయన వివరించారట. భాయ్‌కి షుగర్ ఉంది. మెకానిక్ తిరిగొచ్చి చెప్పిన మాట నాకు నచ్చింది, "తప్పు పోలేదు సార్, బరువు తగ్గింది." దానికి మించి ఆశించకూడదు. అదే ఊపులో తన షుగర్ కూడా చూపించుకున్నాడు, బోర్డర్‌లో ఉంది.

డబ్బు సంగతి ముందు భార్యకు చెప్పాలి. నా గదిలోనే చెప్పాడు. ఆమె కోపం డబ్బు మీద కాదు, "నాకు చెప్పని మాట ఆయనకు చెప్పినావు" అని. ఇది చాలా ఇళ్లల్లో ఉండే నొప్పి, ఫ్రెండు మీద అసూయ అని నవ్వేసే విషయం కాదు, అట్లాగని ఫ్రెండుకు చెప్పుకోవడం భార్యకు ద్రోహమూ కాదు. ఆ రోజు తేలలేదు. తర్వాత ఇద్దరితో కలిపి మాట్లాడిన సెషన్లలో కొంత తేలింది.

భాయ్ ఇంటికి ఇద్దరూ కలిసే పోయారు, పదివేలు తీసుకుని. సినిమాలో లాగా ఏమీ జరగలేదు. ఆవిడ తెర వెనక నుంచే "బాగున్నావా అన్నా, ఇన్నాళ్లకు గుర్తొచ్చినామా" అంది, దానికి ఈయన దగ్గర జవాబు లేదు. పెద్ద కొడుకు డబ్బు లెక్కపెట్టుకుని, పాత డైరీలో రాసుకుని, "మిగతాది నెలనెలా ఫోన్‌పేలో వేయి మామా" అన్నాడు. మెకానిక్‌కు మొదట మనసు చివుక్కుమంది. నాకైతే ఆ పిల్లవాడు మంచి పని చేశాడనిపించింది. అప్పుకు ఒక లెక్క వచ్చింది, లెక్క ఉంటే ఆ ఇంటికి పోవడానికి సాకు ఉంటుంది, ఈసారి మంచి సాకు. చిన్న కొడుకు ఈయన్ని ఖబరస్తాన్‌కు తీసుకుపోయి చోటు చూపించాడు.

భాయ్ స్థానంలో ఇంకొకరిని వెతకమని నేను ఎప్పుడూ చెప్పలేదు. అమెరికాలో జెఫ్రీ హాల్ 2018లో వేసిన లెక్క ప్రకారం పరిచయం దగ్గరి స్నేహంగా మారాలంటే 200 గంటల పైన కలిసి గడపాలి, ఈ వయసులో అన్ని గంటలు ఎక్కడ దొరుకుతాయి? పని దగ్గరే దొరుకుతాయి. అందుకని పాత చాయ్ హోటలుకు వారంలో కొన్ని రోజులైనా పోవడం, మోటారు దింపేటప్పుడు గ్యాంగును పంపేసి తాను షాపులో ఉండిపోకుండా వెంట పోవడం, ఇవే హోంవర్కు. పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో వాకింగ్ అన్నాను, రెండు రోజులు పోయి మానేశాడు. "ఊరికే నడిచేది నాకు రాదు సార్." సరే.

ఎదురుదెబ్బ

నార్పల మండలం గూగూడులో కుళ్లాయస్వామి పీర్ల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసే పోతారని మన వైపు వాళ్లకు తెలుసు. మెకానిక్, భాయ్ ఏటా పోయి చక్కెర చదివించి, రాత్రంతా అక్కడే ఉండి అగ్నిగుండం చూసి వచ్చేవాళ్లు. మొహర్రం దగ్గర పడుతుంటే నిద్ర మళ్లీ చెడింది, ఛాతీ నొప్పి తిరిగొచ్చింది. ఇట్లాంటి తేదీలు కష్టంగా ఉంటాయని ముందే అనుకున్నాం, చిన్న కొడుకుతో కలిసి పోవాలని ప్లాన్ వేసుకున్నాం. పోయాడు, కానీ బయలుదేరే ముందు రాత్రి బాగా తాగాడు, మధ్యలో మందులు కూడా ఆపేశాడు. తర్వాతి రెండు వారాలు నా ఫోన్ ఎత్తలేదు. భార్య ఫోన్ చేసింది, డాక్టరు దగ్గరికి తిరిగి తీసుకుపోయింది, మందులు మళ్లీ మొదలయ్యాయి.

ఇప్పుడు పీహెచ్‌క్యూ-9 స్కోరు 6. ఆడిట్ 9, అంటే తాగుడు పోలేదు, శనివారానికి పరిమితమైంది, అది మళ్లీ పెరుగుతుందేమో అని నాకు అనుమానం ఉంది, ఆయనకు లేదు. షాపు ఆదివారం తప్ప రోజూ తెరుస్తున్నాడు. భాయ్ చిన్న కొడుకు గ్యాంగు పని మానేసి వైండింగ్ నేర్చుకుంటానని వస్తున్నాడు, కుర్రాడికి ఓపిక తక్కువ, కాపర్ తీగ వృథా చేస్తాడని మెకానిక్ నా దగ్గర ప్రతిసారీ తిట్టుకుంటాడు. అప్పులో ఇంకో పాతిక వేలు మిగిలింది. నెలకోసారి రమ్మన్నాను, పోయిన నెల వచ్చినప్పుడు పక్క షాపాయన్ని వెంటబెట్టుకుని వచ్చి బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. "వీనికి గ్యాస్ అంట సార్, అన్ని టెస్టులూ నార్మలే."